తోబుట్టువు సిరా

మా ఇంట్లో ప్రపంచం పదకొండు చోట్ల అంతమవుతూ ఉంటుంది. హాల్లో సోఫా పైన ఉల్క పడుతుంటుంది. భోజనాల బల్లకి ఎదురుగా ఒక మహానగరం తగలబడుతుంటుంది. స్నానాల గది పక్కన సూర్యుడు ఆరిపోయి వేలాడుతుంటాడు. ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీ గ్లాసు పట్టుకుని ఎటు చూడాలో తెలియక ఫ్యాను కేసి చూస్తూ కూర్చుంటారు.

ఈ ప్రళయాలన్నీ మా ఆయనవి. పేరు సన్యాసిరావు, గుణం మాత్రం దానికి ఆమడ దూరం. పగలంతా ఒక బీమా కంపెనీ తరఫున తుఫాను నష్టాలు అంచనా కట్టడం ఆయన ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి ఇంకా రాని తుఫానుల బొమ్మలు గోడకి తగిలించుకోవడం ఆయన వ్యసనం. అన్నీ స్క్రీన్ ప్రింట్లే. చట్రానికి బిగించిన గుడ్డ మీద రంగు పోసి, రబ్బరు పలకతో లాగి కాగితం మీదకి దించుతారు. మన శుభలేఖలు అచ్చేసేదీ ఇలాగే కదండీ అంటే ఆయనకి పౌరుషం వస్తుంది.

"శుభలేఖలు వెయ్యి కొడతారే. ఇవి నలభయ్యే. నలభై అయ్యాక తెర కడిగేస్తారు. ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా నలభై ఒకటోది పుట్టదు," అంటారు. బొమ్మ కింద మూలన పెన్సిల్‌తో దాని నంబరు వేసి ఉంటుంది. ఆ నంబరు చూసుకుని మురిసినట్టు ఆయన మా పెళ్ళి ఫొటో చూసుకుని మురియగా నేనెరగను.

ఇంత వెక్కిరిస్తున్నానని నాకు ఈ గొడవతో సంబంధం లేదనుకోకండి. నా పేరు హైమావతి. విశాఖపట్నంలో ఒక రంగుల ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్తని. తోబుట్టువు సిరా తయారు చేసింది నేనే. కాబట్టి తర్వాత జరిగినదానికి ఎవర్నీ తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడుతూనే ఉన్నాను.

ఆ సిరా సంగతి అనుకోకుండా బయటపడింది. చల్లబరిస్తే నల్లగా పేరుకునే ఒక స్ఫటికాన్ని నూరి, సిరాలో కలిపి, రెండు కాగితాల మీద అచ్చేసి చూస్తున్నాను. ఒకటి బల్ల మీద పెట్టి, రెండోది గదికి ఆ చివర తాడు మీద ఆరేశాను. బల్ల మీది కాగితాన్ని పక్కకి జరుపుతుంటే నా బొటనవేలు తగిలింది. తగిలిన చోట తెల్లటి మచ్చ పడింది. తల తిప్పి చూస్తే తాడు మీది కాగితానికి కూడా సరిగ్గా అదే చోట అదే మచ్చ, నా వేలి గీతలతో సహా ఉంది.

ఒక కాగితాన్ని కారులో అనకాపల్లి పంపించి చూశాను. ఇక్కడ వేలు పెడితే అక్కడ మచ్చ. వేలి వెచ్చదనమూ తడీ రెండూ తగలాలి, అప్పుడు ఒకే స్ఫటికంలోంచి పుట్టి, ఒకే తెరలోంచి దిగిన కాగితాలన్నీ ఒక్కలాగే తెల్లబోతాయి. ఎండెక్కేసరికి మళ్ళీ నలుపు. ఎందుకలా అని మా డైరెక్టరు అడిగితే ఇవ్వడానికి నా దగ్గర నలభై పేజీల జవాబుంది. మీకు చెప్పాలంటే ఒక్క ముక్కే: ఆ ముక్కలకి తాము వేరుపడిన సంగతి ఇంకా తెలీదు. తోబుట్టువులు అని పేరు పెట్టింది అందుకే.

నేను దీన్ని భూకంపాలు కనిపెట్టడానికో, గుండె జబ్బులకో వాడదామని ఆలోచిస్తుంటే మా ఆయన భోజనాల దగ్గర విని ఎగిరి గంతేశారు. హైదరాబాదులో ఈ ప్రళయాల బొమ్మలు అచ్చేసే మృదుల అనే అమ్మాయికి అప్పటికప్పుడు ఫోన్ చేశారు. ఆ అమ్మాయికి నకిలీల బెడద. ఎవరో దొంగ ప్రతులు కొట్టి అమ్మేస్తున్నారు. తోబుట్టువు సిరాతో అచ్చేస్తే ఇక దొంగతనం సాగదు. మొదట తీసిన ప్రతి నా ప్రయోగశాలలో ఉంటుంది, దాన్ని తల్లి ప్రతి అంటాం. కొన్నవాడు తన ప్రతి మీద వేలు పెడితే తల్లి ప్రతి మీద గుర్తు పడాలి. పడకపోతే నకిలీ.

అలా పుట్టింది 'ఆఖరి ఉదయం'. నలభై ప్రతులు. సముద్రం ఊరిని ముంచేసింది. మేడల పైకప్పులు మాత్రం నీళ్ళలోంచి తేలి ఉన్నాయి. ఆకాశం ఎర్రగా ఉంది. ఎలా మిగిలిందో ఒక్క ఇంటి గుమ్మం మిగిలింది, తలుపు తెరిచి ఉంది. గుమ్మం ముందు మాత్రం బొమ్మలో సగం మేర వట్టి నలుపు. ఆ నలుపే నా సిరా. గాజు పలక వేస్తే వేలు పెట్టడం కుదరదు కాబట్టి అద్దం లేకుండానే కట్టించాలని మృదుల షరతు పెట్టింది. నలభై మందీ నలభై తలకాయలూ ఊపారు.

మా ఆయనది పన్నెండో నంబరు. తీసుకొచ్చాక చూస్తే ఇంట్లో గోడ ఖాళీ లేదు. వెతికి వెతికి ఖాళీ కనిపెట్టారు. ఎక్కడ? వాళ్ళమ్మ మంచం పక్కన, ఆవిడ భుజం ఎత్తున.

"మంచాన ఉన్న మనిషి పక్కన ప్రళయం వేలాడదీస్తారా?" అన్నాను.

"అమ్మకి ఏటి తెలుస్తుందే, పాపం," అన్నారాయన.

మా అత్తయ్య పేరు నూకరత్నం. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. "మనిషి ఉన్నారు, కానీ ఎంతవరకు ఉన్నారో చెప్పలేం," అన్నాడు డాక్టరు. నేను ఆవిడకి పళ్ళు తోముతాను, జావ పడతాను, తల దువ్వుతాను. ఆవిడ చూపు ఎటో ఉంటుంది. ఒకప్పుడు ఈ మనిషే తెల్లవారకముందే లేచి, అయిదో అంతస్తు వరండాలో, లిఫ్టు ఎదురుగా ముగ్గు పెట్టేది. కాళ్ళకి అంటుకుంటోందని అపార్టుమెంటు వాళ్ళు సభ పెడితే, "గుమ్మం ముందు ముగ్గు లేకపోతే అది ఇల్లెలాగవుద్ది, గోడౌనవుద్ది" అని వాదించి గెలిచింది. ఇప్పుడు ఆవిడ ముందే వాళ్ళబ్బాయి "అమ్మకి ఏటి తెలుస్తుంది" అంటుంటే నాకు ఒళ్ళు మండేది. కానీ నిజం చెప్పాలంటే, నేనూ అలాగే అనుకునేదాన్ని.

బొమ్మలు ఇళ్ళకి చేరాక కొన్నాళ్ళు ప్రశాంతంగా గడిచింది. ఆ తర్వాత ఒక పొద్దున్న నా ఫోను మోగడం మొదలుపెట్టి ఆగలేదు.

నలభై మందికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఇరవై ఫొటోలు వచ్చి పడ్డాయి, అన్నీ ఒక్కటే: గుమ్మం ముందు నలుపులో తెల్లటి చుక్కలు, వరసలు వరసలుగా. పక్కరోజు మళ్ళీ చుక్కలు. మూడోరోజు చుక్కల మధ్య గీతలు వచ్చాయి. ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున్నే లేచి నలభై ఇళ్ళల్లో నలభై మంది చూసేసరికి ప్రపంచాంతం ముంగిట మెలికల ముగ్గు పెట్టి ఉంటుంది.

గ్రూపులో చిందులు చూడాలి. ఒకాయన ఇది అంతర్జాతీయ కుట్ర అన్నాడు. ఒకావిడ ఈ బొమ్మ గీసిన కళాకారుడే కావాలని చేశాడేమో, ఇదొక కొత్త ఒరవడేమో అంది. అది విని ఒక పూటంతా అందరూ మురిసిపోయారు. తీరా కళాకారుడు "నాకేం తెలీదు మహాప్రభో" అనేసరికి మళ్ళీ తిట్లు. తిట్లన్నీ చివరికి సిరా చేసినదాని మీదకే, అంటే నా మీదకే వచ్చేవి.

అందరిలోకీ గట్టిగా అరిచింది ముప్పై ఒకటో నంబరు సీతాపతి గారు. రాజమండ్రిలో ఉంటారు, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పొద్దున్న కాఫీ కంటే ముందు ఆయన మెసేజీ వచ్చేది. "ఇది దారుణమండి. పవిత్రమైన కళ మీద ఎవరో వేళ్ళు పెడుతున్నారండి. పైగా ఇవాళ నాలుగో వరసలో ఒక చుక్క పక్కకి జరిగింది. పెట్టేవాళ్ళకి ఒక పద్ధతి ఉండక్కర్లేదా?" మర్నాడు: "మళ్ళీ ఒక చుక్క తప్పింది. ఎవరీ మనిషి?" నలభై మంది బాధ ఒక ఎత్తు, ఈయన చుక్కల తనిఖీ ఒక ఎత్తు. ఎన్ని కాలవలకి ఇలా అడ్డం పడ్డాడో మహానుభావుడు అనుకునేదాన్ని.

దొంగని పట్టుకోవాలని పంతం పట్టాను. వారంపాటు చీకటితోనే లేచి ప్రయోగశాలకి వెళ్ళి తల్లి ప్రతి ముందు కూర్చున్నాను. తెలవారుతుండగా నలుపులో మొదటి చుక్క మెల్లగా తెల్లబడేది. కాసేపాగి రెండోది. పెట్టే మనిషికి తొందరలేదు. వరస అయ్యాక ఊపిరి తీసుకున్నట్టు ఆగి, రెండో వరస. చుక్కలన్నీ అయిపోయాక చాలాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ తర్వాత ఇంకొక వేలు వచ్చేది. దాని అచ్చు వెడల్పు, గీత దిటవు. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి, చివర మూలన గీతని వెనక్కి మెలితిప్పి చిన్న తోక వదిలేది. రోజూ అదే తోక.

అంటే ఇద్దరు మనుషులు, రెండు ఇళ్ళు. అంతవరకే తేల్చగలిగాను. ఏ ఇళ్ళో నా సిరా చెప్పదు, ఎందుకంటే దానికి అన్ని ఇళ్ళూ ఒకటే. ఆ ముగ్గు అందంగా ఉందని నాకు తోచలేదని కాదు. తోచింది. కానీ ఆ గదిలో నేను చూసింది ముగ్గు కాదు, లోపం. నా పనికి పట్టిన తెగులు.

అప్పటికి మూడు నెలలు గడిచాయి. మృదుల ఫోన్ చేసింది. "మేడమ్, సగం మంది వెనక్కి తీసుకోమంటున్నారు. లింక్ కట్ చేసేయండి, ప్లీజ్. అసలుదో నకిలీదో అందరివీ చెక్ చేసేశాం కదా, ఇంక దాంతో పనేముంది?" డైరెక్టరు పిలిచి అదే మాట ఇంకొంచెం గంభీరంగా చెప్పారు. ఇంటికొస్తే మా ఆయన ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు. "గ్రూపులో తలెత్తుకోలేకపోతున్నానే. సిరా మీ ఆవిడదేగా అంటున్నారు."

తెంచడం నా చేతిలో పనే. తల్లి ప్రతిని పొయ్యిలో పెట్టి కాల్చకుండా బాగా వేడెక్కిస్తే స్ఫటికం పట్టు వదిలేస్తుంది. దాంతోపాటు మిగతావన్నీ వదిలేస్తాయి, ఆ తర్వాత వేలు పెట్టినా ఎక్కడా తెల్ల మచ్చ పడదు. కాకపోతే ఒకసారి తెగితే అతకదు. ఆ స్ఫటికం ఏడాదిపాటు పెరిగింది. అదీ ఒక్కసారే పెరిగింది. ఆ తర్వాత మళ్ళీ పెంచుదామని చేసిన ప్రయత్నాలన్నీ మురికినీళ్ళయ్యాయి. ఇది తెలిసి కూడా, విసుగెత్తిపోయి, ఒక శుక్రవారం మధ్యాహ్నం తల్లి ప్రతిని పొయ్యిలో పెట్టాను. నలుపు ఒక్కసారి బూడిదరంగుకి తిరిగి, మళ్ళీ నల్లబడింది. నలభై ఇళ్ళల్లోనూ అలాగే జరిగిందని గ్రూపులో రాశారు. చప్పట్ల బొమ్మలు, పూల బొమ్మలు వచ్చాయి. మా ఆయన మిఠాయి పొట్లం తెచ్చారు. సీతాపతి గారి నుంచి మాత్రం మెసేజీ లేదు. పీడ విరగడైందనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున ప్రయోగశాలకి వెళ్ళే పనిలేక ఇంట్లోనే ఉన్నాను. మెలకువ వచ్చింది కాబట్టి అత్తయ్యకి జావ కాచి ఆవిడ గదిలోకి తీసుకెళ్ళాను.

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎడమ చెయ్యి చాపి, చూపుడు వేలు నాలిక మీద తడి చేసుకుని, ఆ నలుపు మీద ఒత్తింది. వేలు తీసి చూసింది. ఏమీ లేదు. చీర చెంగుకి వేలు తుడుచుకుని, మళ్ళీ తడి చేసుకుని, మళ్ళీ ఒత్తింది. నలుపు నలుపుగానే ఉంది. వేలుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఆ తప్పు తన వేలిదేనన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది.

నేను జావ గిన్నె కింద పెట్టి గుమ్మంలోనే కూర్చుండిపోయాను. వారంపాటు దొంగ కోసం చీకట్లో ఊరంతా దాటి వెళ్ళాను. ఆ దొంగ నేను జావ పట్టే మనిషి. బొమ్మలో తలుపు తీసి ఉన్న గుమ్మం ఒకటి ఆవిడ పక్కన పెట్టాం, దాని ముందు కడిగి తడిపిన వాకిలిలాంటి నలుపు ఉంచాం. ఆ గుమ్మాన్ని బోసిగా వదలడం ఆవిడ వల్ల కాలేదు. కొడుకు సైతం ఇక లేనట్టే అనుకున్న ఆ మనిషి రోజూ అందరికంటే ముందు లేచి నలభై ఇళ్ళకి ముగ్గు పెట్టింది. నేను దాన్ని తెంచేశాను. నాకు ఏడుపొచ్చింది.

మా ఆయనకి చెబితే నమ్మలేదు. "ఏదో చెయ్యి కదిలి ఉంటుందిలే" అన్నారు. మర్నాడు పొద్దున్న లేపి తీసుకెళ్ళి తలుపు దగ్గర నిలబెట్టాను. వాళ్ళమ్మ వేలు తడి చేసుకోవడం చూశారు, ఒత్తడం చూశారు, ఏమీ రాక చెంగుకి తుడుచుకోవడం చూశారు. నష్టాలు అంచనా కట్టే మనిషి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ విడిపించుకుని మళ్ళీ బొమ్మ మీద పెట్టింది.

నేను నల్లటి పళ్ళెం ఒకటి తీసి, బియ్యప్పిండి గిన్నె పక్కన పెట్టి, ఆవిడని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాను. కాసేపు చూసింది. తర్వాత ఎడమ చేత్తో పిండి తీసి చుక్కలు పెట్టింది. సందు చుక్క, వరస తప్పకుండా. పెట్టేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పళ్ళెం కేసి చూస్తూ కూర్చుంది. నేను సంతోషం పట్టలేక పక్కన కూర్చుని గీతలు కలిపాను. సగం కలిపానో లేదో, ఆవిడ అరచేత్తో మొత్తం చెరిపేసింది. మళ్ళీ చుక్కలు పెట్టింది. మళ్ళీ ఒళ్ళో చెయ్యి పెట్టుకుంది.

కోడలి గీతలు కాదు ఆవిడకి కావలసింది. ఆవిడ ఎదురుచూస్తున్నది ఇంకొకరి కోసం.

గ్రూపులో రాశాను. చుక్కలు పెట్టింది మా అత్తయ్యేనని ఒప్పుకున్నాను. తిట్టదలచుకుంటే నన్ను తిట్టమన్నాను. ఆ చుక్కలు కలిపింది ఎవరో దయచేసి చెప్పమన్నాను. తిట్టేవాళ్ళు తిట్టారు. ఒకాయన, "మొత్తానికి దొంగ దొరికింది, బహుమానం సన్యాసిరావు గారికే" అని నవ్వు బొమ్మ పెట్టాడు. కలిపింది నేనే అని ఒక్కరూ అనలేదు. అంత అరిచాక ఎవరంటారు? వీళ్ళందరికీ లోకం మునిగిపోవడం గోడ మీద ముచ్చటగానే ఉంటుంది. ఒక వేలు ముద్ర పడితే మాత్రం కొంప మునిగినట్టు.

రెండు రోజులయ్యాక నా ఒక్కదాని ఫోనుకి మెసేజీ వచ్చింది. సీతాపతి గారు.

"హైమావతి గారూ, కలిపింది నేనేనండి. ఆ రోజు నుంచీ చుక్కలు రావడం లేదు. ఆవిడ కులాసాగా ఉన్నారా?"

నేను వెంటనే ఫోన్ చేశాను. పలకరింపులు కూడా లేవు. "మీరా? అందరికంటే ఎక్కువ రాద్ధాంతం చేసింది మీరు కదండీ."

"అరవకపోతే అనుమానం నా మీదికి వచ్చేస్తుందేమోనండి," అన్నారు ఆయన.

"మీరు అరిచారనేగా దాన్ని తెంచేశాం."

"తెంచేస్తారనుకోలేదండి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ అరిచానండి నేను. ఒక్కటంటే ఒక్క పనీ ఆగలేదు. ఇదొక్కటే ఆగాలా?"

నాకు కోపం, నవ్వు, ఏడుపు కలిసొచ్చాయి. ఆయనే మెల్లగా చెప్పుకొచ్చారు. వాళ్ళావిడ పోయి నాలుగేళ్ళయిందట. ఆవిడ ముగ్గు పెడుతుంటే నీళ్ళ బకెట్టు పట్టుకుని వెనకాల నిలబడడం ఈయన వంతు. చూసి చూసి నేర్చుకున్నారట గానీ మగాడు ముగ్గేస్తే వీధిలో నవ్వుతారని ఏనాడూ పెట్టలేదు. బొమ్మలో చుక్కలు కనబడిన రెండు రోజులూ ఊరుకున్నారు. "చుక్కలు పెట్టి కలపకుండా వదిలేస్తే ఆ ఇంటికి మంచిది కాదనేదండి మా ఆవిడ. ఎవరిల్లో తెలీదు. ఎవరిదైతే ఏంటని కలిపేశాను."

"వస్తారా మా ఇంటికి?" అన్నాను.

"రమ్మంటే వస్తానండి. బండిలో కిటికీ పక్కన సీటు దొరకాలి గానీ," అన్నారు.

ఆదివారం వచ్చారు. పొట్టిగా, పంచె కట్టుకుని, చేతిలో ముగ్గుపిండి డబ్బాతో ఉన్నారు. వస్తూనే మొదలు. రైలు ఆలస్యం, ఆటోవాడు దొంగ, మా లిఫ్టు శబ్దం బాగోలేదు, మా వరండాకి వాటం సరిగా లేదు, వానొస్తే నీళ్ళు లోపలికొస్తాయి. హాల్లో ఉల్కని చూసి, "రంగు ఒకచోట పొర ఎక్కువ పడింది," అన్నారు. మా ఆయన ముఖం మాడిపోయింది. కాఫీ ఇస్తే, "డికాషన్ తేలిపోయిందండి," అన్నారు. ఈ మనిషికోసమా మా అత్తయ్య ఎదురుచూస్తున్నది అని మనసులో పళ్ళు నూరుకున్నాను.

గదిలోకి తీసుకెళ్ళాం. అత్తయ్య ఆయన్ని చూసింది. ఎవరో కొత్త మనిషి. చూపు తిప్పేసుకుంది. ఆయన ముగ్గుపిండి డబ్బా నా చేతికిచ్చారు.

నేను పళ్ళెం తెచ్చి మంచం మీద పెట్టాను. ఆయన తెచ్చిన పిండి గిన్నెలో పోశాను. అత్తయ్య ఎడమ చేత్తో ఒక్కొక్క చుక్కా పెట్టింది. మేం ముగ్గురం చూస్తున్నాం. చుక్కలయ్యాయి. ఎప్పటిలాగే చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ లేనట్టు, పళ్ళెం కేసి చూస్తూ ఉండిపోయింది.

సీతాపతి గారు కుర్చీ దగ్గరికి లాక్కుని వంగి చూశారు. "ఇవాళ అన్నీ సరిగ్గానే ఉన్నాయే," అని గొణిగారు. పిండి తీసుకుని గీత మొదలుపెట్టారు. ఆ లావు వేళ్ళ మధ్యనుంచి అంత సన్నటి గీత రావడం నేను చూస్తూ కూడా నమ్మలేకపోయాను. చుక్కలని తప్పించుకుంటూ, చుట్టుకుంటూ, మొదటి మెలిక పూర్తి చేసి, మూలకి వచ్చేసరికి అలవాటు ప్రకారం గీతని వెనక్కి తిప్పి చిన్న తోక వదిలారు.

అత్తయ్య తల ఎత్తింది. ఆయన ముఖంలోకి చూసింది. రెండేళ్ళలో నేను జావ పడుతున్నప్పుడు గానీ, తల దువ్వుతున్నప్పుడు గానీ నన్నెప్పుడూ అలా చూడలేదు. ఆయన గీయడం ఆపేశారు.

ఆవిడ ఎడమ చెయ్యి నెమ్మదిగా లేపింది. ఇంకా కలపని నాలుగో వరసలో ఒక చుక్క మీద వేలు పెట్టి చెరిపేసింది. చిటికెడు పిండి తీసి, ఆ చుక్కని కావలసినంత పక్కకి జరిపి పెట్టింది. పెట్టి, మళ్ళీ ఆయన ముఖంలోకి చూసింది.

"చూశారా," అన్నారు సీతాపతి గారు. "కావాలనేనండి. ఇన్నాళ్ళూ కావాలనే చేశారండి ఈవిడ."

అత్తయ్య మూతి ఎడమ పక్క పైకి లేచింది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అదేమిటో గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది, విని రెండేళ్ళయింది కదా. నవ్వుతోంది. మా ఆయన గోడకి తిరిగి నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

పక్షవాతం మనిషి కదా, చెయ్యి వంకర పోతుందని మేమనుకుంటామేమో గానీ, ఆ చెయ్యికి ఏ వంకరా లేదు. మూడు నెలలపాటు ఆ మంచం మీంచి ఆవిడ రోజూ ముక్కూ మొహం తెలియని ఒక కోపిష్టి మనిషిని ఆటపట్టించింది. ఆయన రోజూ తిట్టుకుంటూ సర్దుకున్నారు. ఆ పలకరింపు కాస్తా సిరాలో లోపం అనుకుని నేను తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను. ఇప్పుడిక ఆయన నెలకోసారి రైలెక్కి రావాలి. మిగతా రోజులన్నీ పొద్దున్నే ఆవిడ ఆ చచ్చిన నలుపు మీద వేలు ఒత్తి చూసుకుంటూనే ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా మానదు.

సీతాపతి గారు పక్కకి జరిగిన చుక్కని కూడా కలుపుకుంటూ గీత తిప్పడానికి అవస్థ పడుతున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఆయనకి ఇంకోసారి కాఫీ పెట్టాను. డికాషన్ చిక్కగా దింపాను. ఒక గుటక తాగి, పంచదార ఎక్కువైందన్నారు.